కుందేళ్లకు లూసర్న్, అలసంద, శెనక్కాయ కట్టె: ఏ వయసుకి ఏది, ఎంత?

చీనీతోట_నార్పల
చీనీ (బత్తాయి) సాళ్ల మధ్య ఖాళీలో లూసర్న్ అనే పప్పుజాతి పచ్చిమేత వేశాను. డ్రిప్ నీళ్లతో బాగా వస్తోంది. షెడ్డులో న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా రెండు జాతులూ ఉన్నాయి. మగవి, చూలువి, పాలిచ్చేవి, తల్లి నుంచి విడదీసిన పిల్లలు, ఇంకా గూటిపెట్టె దాటని పిల్లలు, అన్నీ ఉన్నాయి. కుందేళ్లు అమ్మినాయన ‘లూసర్న్ ఎంత పెడితే అంత మంచిది, దాణా ఖర్చు మిగుల్తుంది’ అన్నాడు. మా ఊరికి వచ్చే పశువుల కాంపౌండర్ ‘పెద్దవాటికి లూసర్న్ పెట్టొద్దు, మూత్రంలో రాళ్లు కడతాయి’ అంటున్నాడు. ఎవరి మాట వినాలి? విడదీసిన పిల్లల్లో కొన్నింటికి వెనకభాగం పేడతో తడిసి ఉంటోంది. పెద్దవాటి ట్రేలో మూత్రం ఆరాక సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపిస్తోంది. రెండూ మేత వల్లేనా? రోజూ పొద్దున్నే షెడ్డులోకి వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది.

గుత్తి_కుందేళ్లు
నేను అన్నిటికీ ఒకే మేత వేస్తాను అన్నా. పొద్దున కట్ట లూసర్న్, సాయంత్రం దాణా. ఏ గొడవా లేదు. పిల్లలకి పారుడంటే మేత కాదు, కాక్సిడియా (పేగులో చేరే, కంటికి కనపడని పరాన్నజీవి) అయి ఉంటుంది. మందు వేయండి.

హంద్రీ_ఒడ్డు
గుత్తి అన్నా, నీ దగ్గర పెద్దవి ఎంత వయసువి? ఏడాది దాటినవి ఉన్నాయా? మూడు నెలలకే అమ్మేసేవాళ్లకి ఏ గొడవా కనిపించదు.

గుత్తి_కుందేళ్లు
తల్లులు ఉన్నాయి కదా. అవి ఎప్పుడూ ఈనుతూనే ఉంటాయి.

హంద్రీ_ఒడ్డు
అందుకే నీకు తెలియట్లేదు. ఈనే తల్లికి ఎంత లూసర్న్ పెట్టినా పాలలోకి పోతుంది. మగవాటి సంగతి చెప్పు.

పశువైద్యం_కడప
నార్పల గారూ, మీకు చెప్పిన ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉంది. ఏ వయసు కుందేలు, ఏ స్థితిలో ఉన్న కుందేలు అన్నది ఇద్దరూ వదిలేశారు. కొంచెం వివరంగా రాస్తాను.

పుట్టిన పిల్లలు పది పన్నెండు రోజులకి కళ్లు తెరుస్తాయి. దాదాపు 18–20 రోజులప్పుడు గూటిపెట్టె బయటికి వచ్చి, తల్లి తినేదాన్నే కొరకడం మొదలుపెడతాయి. తల్లి పాలిచ్చేది రోజుకి ఒక్కసారే, అదీ నాలుగైదు నిమిషాలు. మూడో వారానికి తల్లి పాలు శిఖరానికి చేరి, తర్వాత తగ్గుతూ వస్తాయి. ఈ రోజుల్లో పిల్ల నోటికి ఏ మేత అలవాటైతే, విడదీశాక కూడా అదే మేత ఉండాలి. 28–35 రోజుల మధ్య తల్లిని, మేతని ఒకేసారి మార్చేస్తే పిల్ల తట్టుకోలేదు. చావులు ఎక్కువగా కనిపించేది విడదీసిన తర్వాత రెండు మూడు వారాల్లోనే.

విడదీసినప్పటి నుంచి మూడు నెలల దాకా పెరుగుదల జోరుగా ఉంటుంది. అప్పుడు మొత్తం మేతలో మాంసకృత్తులు 16–18 శాతం ఉండాలి. పప్పుజాతి మేత ఉపయోగం బాగా కనబడేది ఇక్కడే. కానీ అదొక్కటే పెడితే పీచు సరిపోదు. కుందేలుకి పెద్దపేగు మొదట్లో ఒక పెద్ద సంచి ఉంటుంది, అందులో సూక్ష్మజీవులు మేతని పులియబెడతాయి. పీచు తగ్గి మాంసకృత్తులు, పిండిపదార్థం ఎక్కువైతే ఆ సంచిలో చెడ్డ బాక్టీరియా పెరిగిపోతుంది. పేడ మెత్తబడి వెనకభాగానికి అంటుకోవడం అక్కడినుంచే మొదలవుతుంది. మేతలో సగం గడ్డి, సగం లూసర్న్ ఉంటే ఇది చాలావరకు తగ్గుతుంది.

పెరుగుదల ఆగిన మగవి, ఖాళీగా ఉన్న ఆడవి, వీటికి 12–14 శాతం మాంసకృత్తులు చాలు. లూసర్న్‌లో ఎండు లెక్కన (నీళ్లు పోను మిగిలినదాంట్లో) కాల్షియం 1.2–1.5 శాతం దాకా ఉంటుంది. గడ్డిలో అంతకన్నా చాలా తక్కువ. మిగతా జంతువుల్లో చాలావరకు తమకి అవసరమైనంత కాల్షియమే పేగు నుంచి తీసుకుంటాయి. కుందేలు మాత్రం మేతలో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం రక్తంలోకి లాక్కుని, మిగిలింది మూత్రంలో వదిలేస్తుంది. మీ ట్రేలో తెల్లగా కనిపిస్తున్నది అదే.

చూలు తల్లికి మొదటి 20 రోజులు మామూలు మేతే. చూలు కాలం 31 రోజులు. చివరి పది రోజులు లూసర్న్ పెంచండి. ఈనిన తర్వాత పాలిచ్చేంతకాలం అది ఎంత తింటే అంత పెట్టవచ్చు.

చీనీతోట_నార్పల
డాక్టరమ్మా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. తెల్లటి మూత్రం పోసేవాటికి మందు ఏమైనా వేయాలా?

పశువైద్యం_కడప
పలుచగా, కొద్దిగా తెల్లగా ఉంటే అది కుందేలుకి సహజమే, మందు అక్కర్లేదు. పేస్టులా చిక్కగా పడినా, ఇసుకలా గరగరలాడినా, ముక్కుతూ చుక్కలుగా పోస్తున్నా, వెంటనే చూపించండి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. నీళ్ల గొట్టానికి ఉండే నిపుల్ నుంచి నీళ్లు సరిగ్గా వస్తున్నాయో లేదో రోజూ వేలితో నొక్కి చూడండి. రాళ్లు కట్టడానికి కాల్షియంతో పాటు నీళ్లు తక్కువ తాగడం కూడా కారణమే.

తాడిపత్రి_చిన్నోడు
మధ్యలో అడుగుతున్నాను, మా దాంట్లో ఒకదానికి మూత్రం ఎర్రగా వస్తోంది. రక్తమేనా అని ఇంట్లో అందరూ భయపడ్డారు.

పశువైద్యం_కడప
మేతలోని రంగు పదార్థాల వల్ల నారింజ రంగు నుంచి ఎరుపు దాకా రావచ్చు. మూత్రం మొత్తం ఒకే రంగులో ఉండి, కుందేలు హుషారుగా తింటుంటే భయపడనక్కర్లేదు. చుక్కలుగా, గడ్డలుగా ఎరుపు కనిపిస్తే, లేదా తినడం మానేస్తే రక్తమని అనుమానించాలి. ఆడవాటిలో గర్భసంచి నుంచి కూడా రావచ్చు.

గుత్తి_కుందేళ్లు
డాక్టర్ గారు చెప్పింది ఒప్పుకుంటాను, కానీ పారుడుకి కాక్సిడియా సంగతి వదిలేశారు. మేత మార్చుకుంటూ కూర్చుంటే ఈలోపు పిల్లలు పోతాయి.

పశువైద్యం_కడప
మీ మాట సరైనదే. ఒకటి రెండు నెలల పిల్లల్లో కాక్సిడియా చాలా మామూలు. కానీ ఊహించి మందు వేయకండి. పేడ కొంచెం చిన్న డబ్బాలో వేసి దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే మైక్రోస్కోప్‌లో చూసి చెప్తారు. చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. మేత వల్ల పేగు దెబ్బతిన్న పిల్లని కాక్సిడియా తొందరగా పడగొడుతుంది. తడి నేల మీద, పేడలో తిరిగే పిల్లలకి ఇది మరీ ఎక్కువ. మేత నేల మీద వేయకుండా, తట్టలో గానీ కమ్మీలకి కట్టి గానీ ఇవ్వండి.

బుక్కపట్నం_భారతి
నార్పల అన్నా, ఒక మాట సరిచూసుకో. తెల్లవారుజామున కుందేలు వేసే మెత్తటి, ద్రాక్షగుత్తిలాంటి పేడని పారుడు అనుకుంటున్నావేమో. దాన్ని అది నేరుగా నోటితో తీసుకుని మళ్లీ తింటుంది. అందులో బి విటమిన్లు, మాంసకృత్తులు ఉంటాయి. మా షెడ్డులో లూసర్న్ ఎక్కువైన రోజుల్లో అవి ఆ మెత్తటి పేడని తినకుండా వదిలేస్తాయి, అది తొక్కుడై బొచ్చుకి అంటుకుంటుంది. నిజమైన పారుడు నీళ్లలా ఉంటుంది, వాసన వేరేగా ఉంటుంది, పిల్ల ముడుచుకుని మూల కూర్చుంటుంది.

చీనీతోట_నార్పల
అక్కా, నువ్వు చెప్పినట్టే ఉంది. పిల్లలు తింటున్నాయి, ఆడుతున్నాయి. ఒకటి మాత్రం ముడుచుకుని కూర్చుంటోంది. దాని పేడ రేపు ఆసుపత్రిలో ఇస్తాను.

బుక్కపట్నం_భారతి
దాన్ని వేరే గదిలో పెట్టు. పచ్చిమేత ఆపి, ఎండు గడ్డి, నీళ్లు ఉంచు. వేసవి అయితే ఆ తడి బొచ్చు మీద ఈగలు గుడ్లు పెడతాయి, రోజూ శుభ్రం చెయ్యి.

ఆదోని_నల్లరేగడి
అందరూ లూసర్న్ లూసర్న్ అంటున్నారు. దానికి నీళ్లు కావాలి. మాది వర్షాధారం, బోరు లేదు. మాలాంటివాళ్లకి పప్పుజాతి మేత అంటే అలసంద, ఉలవ, పిల్లిపెసర. వాన పడితే వేస్తాం, పూత మీద ఉన్నప్పుడు కోసి పెడతాం. నాకు వీటితో ఏ ఇబ్బందీ రాలేదు.

హంద్రీ_ఒడ్డు
అలసంద ఆకులో కాల్షియం లూసర్న్‌కన్నా తక్కువా, ఎక్కువా?

పశువైద్యం_కడప
పప్పుజాతి ఆకు ఏదైనా గడ్డికన్నా కాల్షియం ఎక్కువే. అలసంద, ఉలవ కూడా అంతే. కానీ ఆదోని గారు మగవాటికి అవి రోజంతా పెట్టరు కదా, జొన్న గడ్డో కొర్ర గడ్డో కూడా వేస్తారు. ఇబ్బంది రాకపోవడానికి అదే కారణం.

ఆదోని_నల్లరేగడి
నిజమే. కొర్ర గడ్డి ఎప్పుడూ ఉంటుంది. ఇంకో మాట. మొన్న అలసంద ఆకు కోసి షెడ్డు బయట పెట్టి నీళ్లకి వెళ్లొచ్చాను. తిరిగి వచ్చేసరికి మా అమ్మ లేత ఆకంతా ఏరి పప్పులో వేసేసింది. కుందేళ్లకి ఆ పూట గరికే గతి.

తాడిపత్రి_చిన్నోడు
అమ్మకి ముందు పెట్టాలి కదన్నా, తర్వాతే కుందేళ్లు 😄

పులివెందుల_మామ
సుబాబుల్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? మా గట్ల మీద ఉచితంగా పెరుగుతుంది. మేకలు కళ్లకద్దుకుని తింటాయి. కుందేళ్లు కూడా ఇష్టంగా తింటాయి.

కదిరి_గట్టు
ఇష్టంగా తింటాయి మామా, తర్వాత బొచ్చు ఊడుతుంది. మా బావ షెడ్డులో అదే జరిగింది. దాణా ఖర్చు తగ్గుతుందని సుబాబుల్ లేత కొమ్మలు పూర్తి మేతగా వేశాడు. కొన్ని వారాలకి వీపు మీద బొచ్చు కుచ్చులు కుచ్చులుగా రాలింది, ఆడవి ఎదకి రావడం మానేశాయి. మేత ఆపాక నెమ్మదిగా బొచ్చు మళ్లీ వచ్చింది.

పశువైద్యం_కడప
సుబాబుల్‌లో మిమోసిన్ అనే పదార్థం ఉంటుంది. మేకల కడుపులో దాన్ని విరిచే సూక్ష్మజీవులు ఉంటాయి, కుందేలుకి ఆ సౌకర్యం లేదు. లేత చిగుళ్లలో అది మరీ ఎక్కువ, ముదురు ఆకులో తక్కువ. ఎండబెడితే కొంత తగ్గుతుంది. కాబట్టి ముదురు ఆకు ఎండబెట్టి, మొత్తం మేతలో పదో వంతు దాటకుండా, పెరిగే పిల్లలకి మాత్రమే. చూలు తల్లులకి, ఈనిన తల్లులకి వద్దు.

పులివెందుల_మామ
అలా చెప్పమ్మా. గట్టు మీద ఉన్నది కొట్టేయకుండా ఏం వేసుకోవచ్చు?

కదిరి_గట్టు
దశరథ గడ్డి వేసుకో మామా. అది కూడా సుబాబుల్ తీరే, ఆకు చిన్నది, గుబురుగా పెరుగుతుంది. దానిలో మిమోసిన్ ఉండదు. ఒకసారి నాటితే చాలా ఏళ్లు కోసుకోవచ్చు. నాటిన మూడు నెలలకి మొదటి కోత, తర్వాత నలభై రోజులకోసారి. లూసర్న్ అంత నీళ్లు అడగదు.

ఉరవకొండ_రైతు
ఇంతవరకు కుందేలు వయసు గురించే మాట్లాడుతున్నారు. మేత వయసు ఎవరూ అడగట్లేదు. లూసర్న్ మొగ్గ రాకముందు కోస్తే మాంసకృత్తులు 20 శాతం పైన ఉంటాయి, పీచు తక్కువ. పదింట ఒక మొక్క పూసినప్పుడు కోస్తే ఆకు, కాడ సమంగా ఉంటాయి. పూర్తిగా పూశాక కోస్తే కాడ గట్టిపడి, మాంసకృత్తులు 15 శాతానికి వస్తాయి. నా మడిని ముక్కలుగా చేసి వేరు వేరు రోజుల్లో కోస్తాను. లేతది విడదీసిన పిల్లలకి, ముదురుది పెద్దవాటికి. లేత పంటికి లేత ఆకు అని లెక్క.

పశువైద్యం_కడప
మడి ముక్కలు చేయడం చాలా మంచి పద్ధతి. కానీ పిల్లల విషయంలో మీతో ఏకీభవించను. ఇప్పుడే విడదీసిన పిల్లకి కావలసింది పీచు. లేత లూసర్న్‌లో నీళ్లు ఎక్కువ, పీచు తక్కువ. లేతది పాలిచ్చే తల్లికి వేయండి, దానికి అసలైన అవసరం ఉంది. పిల్లలకి పూత మొదలైనప్పటి కోత, అదీ ఒకరోజు నీడలో వాడబెట్టి.

ఉరవకొండ_రైతు
మేడమ్, పిల్లలు ముదురు కాడ కొరకలేక వదిలేస్తాయి, వృథా అవుతుంది.

పశువైద్యం_కడప
కాడ వదిలితే వదలనివ్వండి. ఆకు, సన్న కాడ తింటే చాలు. మిగిలిన కాడలు మగవాటికి వేయండి, వాటికి నమలడానికి బాగుంటుంది. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గట్టిది నమిలితేనే అరుగుతాయి.

ఉరవకొండ_రైతు
పిల్లలు వదిలిన కాడలు మగవాటికి వేసే ఆలోచన నాకు నచ్చింది. చేసి చూస్తాను.

గార్లదిన్నె_గరిక
ఒక లెక్క రాస్తాను, తప్పుంటే చెప్పండి. కిలో బరువున్న పిల్లకి రోజుకి ఎండు లెక్కన 60–70 గ్రాములు కావాలి. పచ్చి లూసర్న్‌లో నాలుగింట మూడు వంతులకి పైగా నీళ్లే. పచ్చిమేతతోనే ఆ లెక్క తీరాలంటే పిల్ల దాదాపు 300 గ్రాములు తినాలి. కిలో పిల్ల పొట్టలో 300 గ్రాముల తడి మేత ఎక్కడ పడుతుంది? అందుకే నేను లూసర్న్‌ని నీడలో ఆరబెట్టి పెడతాను. చలికాలంలో మన అనంతపురం గాలికి త్వరగానే ఆరుతుంది. ఎర్రటి ఎండలో వేస్తే ఆకు పొడిపొడిగా రాలిపోయి కాడలే మిగులుతాయి. బలమంతా ఆకులోనే ఉంది, కాబట్టి గోనె పట్టా మీద ఆరబెట్టి, రాలిన ఆకు కూడా ఏరి దాణాలో కలుపుతాను.

పశువైద్యం_కడప
లెక్క సరిగ్గానే ఉంది.

చీనీతోట_నార్పల
అంటే ఇప్పుడు నేను పెడుతున్న పచ్చి లూసర్న్ పూర్తిగా ఆపేయాలా?

గార్లదిన్నె_గరిక
ఒక్కసారిగా ఆపకు అన్నా. వారం పది రోజుల్లో మెల్లగా మార్చు. పాత మేత తగ్గిస్తూ కొత్తది పెంచు. గడ్డి ఏముంది నీ దగ్గర?

చీనీతోట_నార్పల
గట్ల మీద గరిక, ఇంట్లో కొర్ర గడ్డి. పక్క చేను వాళ్ల నేపియర్ కూడా అడిగితే ఇస్తారు.

గార్లదిన్నె_గరిక
గరిక చాలు, బంగారం లాంటి మేత. నేపియర్ బాగా ఎదిగి దుడ్డు కట్టిన తర్వాత కుందేళ్లకి పనికిరాదు, మోకాలెత్తు లోపే కోయించు.

కళ్యాణదుర్గం_రాజక్క
నార్పల తమ్ముడూ, అందరూ కుందేలు గురించి చెప్పారు, నేను చీనీ గురించి అడుగుతాను. చెట్లకి స్ప్రే చేస్తావా? ఆకుముడత, నల్లికి కొట్టే మందు కిందున్న లూసర్న్ మీద పడుతుంది కదా. మందు కొట్టిన తర్వాత ఎన్ని రోజులకి కోస్తున్నావు?

చీనీతోట_నార్పల
చేస్తాను అక్కా. సీసా మీద కాయ కోతకి రాసిన గడువు చూస్తాను. మేత గురించి ఆలోచించలేదు.

కళ్యాణదుర్గం_రాజక్క
చెట్ల కింద మేత వేస్తే ఇదొక్కటే పెద్ద చిక్కు. మందు కొట్టేముందు రోజే కోతకి వచ్చినంత లూసర్న్ కోసి ఆరబెట్టుకో. కొట్టిన తర్వాత వచ్చే మొదటి కోత కుందేళ్లకి వద్దు, ఆవులకీ మేకలకీ కూడా వద్దు, దున్నేయడమో చెట్ల పాదుల్లో కప్పడమో చెయ్యి. కుందేలు చిన్న శరీరం, పైగా వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది లోపలే ఉంటుంది.

ఆదోని_నల్లరేగడి
అలసంద మీద కూడా ఇదే. పేను పట్టిందని మందు కొడతాం, తర్వాత మర్చిపోయి కోసేస్తాం. కుందేళ్ల కోసం వేసిన మడిలో నేను మందే కొట్టను. పేను ఎక్కువైతే అక్కడక్కడ పీకి పారేస్తాను.

కదిరి_గట్టు
లూసర్న్‌లో బంగారు తీగ కూడా చూసుకోండి. పసుపు దారాల్లా అల్లుకుంటుంది. విత్తనంతోనే వస్తుంది. కనిపించిన చోట మొక్కతో సహా కోసి కాల్చేయాలి, లేకపోతే మడి మొత్తం పోతుంది.

తాడిపత్రి_చిన్నోడు
మరి శెనక్కాయ కట్టె (కాయ తీసేశాక మిగిలే ఎండు మొక్క)? మన జిల్లాలో ఇంటింటికీ ఉండేది అదే కదా. అది కూడా పప్పుజాతే.

శింగనమల_పెద్దాయన
అడగాల్సినది ఇప్పుడు అడిగావు నాయనా. మా కాలంలో శెనక్కాయ కట్టె ఎడ్లకి, ఆవులకి ప్రాణం. ఆకు ఉన్న కట్టె అయితే కుందేళ్లు కూడా ఎగబడి తింటాయి. నేను పెంచుతున్నప్పటి నుంచి పెద్దవాటికి ఇదే ఎండు మేత. కానీ ఏ కట్టె అన్నది చూసుకోవాలి. కాయ పీకిన రోజుల్లో వాన పడి, వామిలో తడిసి, ముక్కిన వాసన వచ్చే కట్టె ఉంటుంది చూడు, దాన్ని షెడ్డు వైపు తేవద్దు. బూజు పట్టిన కట్టెని ఎండలో ఆరబెడితే వాసన పోతుంది, విషం పోదు. కట్టెకి అంటిన ఎర్రమన్ను కూడా దులిపి వేయాలి. మన్ను తింటే పొట్ట బిగుస్తుంది. కట్టెలో అక్కడక్కడ ఎండిన కాయ మిగిలి ఉంటుంది, దాన్ని కూడా ఏరేయాలి.

పశువైద్యం_కడప
పెద్దాయన చెప్పిన బూజు విషయం చాలా ముఖ్యం. శెనక్కాయలో వచ్చే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. దానికి ఎక్కువగా లొంగే జంతువుల్లో కుందేలు ఒకటి. కాలేయం దెబ్బతింటుంది. ఒక్కసారిగా చావకపోయినా, తినడం తగ్గి, పెరుగుదల ఆగి, తల్లులు చచ్చిన పిల్లల్ని వేస్తాయి. దాణాలో వేసే శెనక్కాయ చెక్కలో కూడా ఇదే ప్రమాదం ఉంది. చెక్క కొత్తదై ఉండాలి, గట్టిగా గడ్డకట్టినది వాడకండి. కాల్షియం లెక్కలో కట్టె కూడా పప్పుజాతే కాబట్టి, మగవాటికి అదొక్కటే కాకుండా గడ్డి కూడా కలపండి.

శింగనమల_పెద్దాయన
సగం కట్టె, సగం కొర్ర గడ్డి. చాలాకాలంగా అలాగే వేస్తున్నాను తల్లీ.

హంద్రీ_ఒడ్డు
పెద్దాయనకి మేడమ్ పాస్ మార్కులు వేసినట్టే 😊

ఓబుళదేవరచెరువు_హరి
కుందేళ్ల పెంపకంలో ‘పిల్లలు మేమే తిరిగి కొంటాం’ అని ముందే డబ్బు కట్టించుకుని మాయమైనవాళ్ల సంగతి కూడా మాట్లాడాలి. మేత లెక్కలు ఎందుకు, మార్కెట్టే లేదు.

చర్చ_నిర్వాహకుడు
హరి గారూ, మీ బాధ అర్థమవుతోంది. అమ్మకాల గురించి వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి, చాలామంది చదువుతారు. ఇక్కడ మేత మీదే ఉందాం.

పులివెందుల_మామ
డాక్టరమ్మా, చూలు తల్లికి చివరి పది రోజుల్లో పెంచమన్నావు. ముందు నుంచే బాగా పెడితే పిల్లలు బలంగా పుట్టవా?

పశువైద్యం_కడప
ముందు నుంచే పెంచితే తల్లి కొవ్వెక్కుతుంది మామా. కొవ్వెక్కిన తల్లి ఈనే రోజులు దగ్గరపడేసరికి పొట్టలో పిల్లలు చోటు తీసుకోవడంతో మేత తగ్గిస్తుంది. అప్పుడు ఒంట్లో కొవ్వు ఒక్కసారిగా కరిగి రక్తంలో విషంలా మారుతుంది. నీరసించి, కాళ్లు వదిలేసి, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. వేలితో పక్కటెముకలు తడిమితే ఎముకలు తగలాలి, కానీ గుచ్చుకోకూడదు. అదే కొలత. మగవాటికి కూడా అంతే. లావైన మగది ఎక్కడం మానేస్తుంది. పైగా మన ఎండాకాలంలో 32 డిగ్రీలు దాటితే మగవాటి వీర్యం దెబ్బతింటుంది, కొవ్వు దానికి తోడైతే ఇక చూలు నిలవదు.

బుక్కపట్నం_భారతి
పాలిచ్చే తల్లికి నా పద్ధతి: ఈనిన మొదటి రెండు మూడు రోజులు పెంచను. పిల్లలు తాగేది తక్కువ కాబట్టి పాలు గడ్డకట్టి పొదుగు వాచే ప్రమాదం ఉంది. తర్వాత రోజురోజుకి లూసర్న్ పెంచి, రెండో వారానికి ఎంత తింటే అంత వేస్తాను. నీళ్లు రోజుకి లీటరు దాటి తాగుతుంది. నీళ్లు లేకపోతే లూసర్న్ ఎంత పెట్టినా పాలు రావు. పిల్లలు విడదీసే రెండు మూడు రోజుల ముందే తల్లికి లూసర్న్ సగం చేస్తాను, పాలు త్వరగా ఆగిపోతాయి.

పశువైద్యం_కడప
భారతి గారి చివరి మాట అందరూ గుర్తుపెట్టుకోండి. విడదీసినప్పుడు తల్లిని వేరే గదికి మార్చి, పిల్లల్ని అదే గదిలో, అదే మేతతో వారం ఉంచితే ఇంకా మంచిది.

గుత్తి_కుందేళ్లు
ఎండాకాలం మేత ఎప్పుడు వేస్తారు? మే నెలలో మధ్యాహ్నం మా దగ్గర ఏదీ ముట్టవు.

కళ్యాణదుర్గం_రాజక్క
కుందేలు రాత్రి తినే జంతువు. ఎండాకాలం రాత్రి ఎనిమిది తర్వాత ఎక్కువ భాగం, తెల్లవారకముందు కొంచెం. మధ్యాహ్నం నీళ్లు, తడి గోనె సంచి చాలు. కట్ట కట్టి కుప్పగా పెట్టిన పచ్చి లూసర్న్ లోపల వేడెక్కుతుంది, చెయ్యి పెడితే తెలుస్తుంది. అలా కాగినది వేయవద్దు, పొట్ట ఉబ్బుతుంది. కోయగానే పలుచగా పరిచి ఉంచు.

చీనీతోట_నార్పల
ముడుచుకున్న పిల్ల పేడలో కాక్సిడియా ఉందని చెప్పారు. మిగతావాటిలో లేదట. దానికి మందు మొదలుపెట్టాం, మిగతా పిల్లలకి గరిక, వాడబెట్టిన లూసర్న్ సగం సగం వేస్తున్నాను. వెనకభాగం తడవడం తగ్గింది. మగవాటికి లూసర్న్ కాడలు, కొర్ర గడ్డి. గుత్తి అన్నా, నీ మాటా నిజమే అయింది, డాక్టరమ్మ మాటా నిజమే అయింది.

గుత్తి_కుందేళ్లు
నా మగవాటికి కూడా ఈ వారం నుంచి గరిక మొదలుపెట్టాను. ట్రే చూస్తున్నాను.

హంద్రీ_ఒడ్డు
ఏం కనిపించింది?

గుత్తి_కుందేళ్లు
ఇంకా తెల్లగానే ఉంది. వారం ఆగి చెప్తాను.

పశువైద్యం_కడప
మూత్రాశయంలో పేరుకున్నది బయటికి రావడానికి సమయం పడుతుంది. నీళ్లు బాగా తాగనివ్వండి, గదిలో తిరగడానికి చోటు ఇవ్వండి. కదలకుండా కూర్చునే కుందేలులో అది అడుగున పేరుకుపోతుంది.

పులివెందుల_మామ
కదిరి అబ్బాయ్, దశరథ గడ్డి విత్తనం తెప్పించుకున్నాను. చల్లి పది రోజులైంది, నాలుగు మొలకలు కూడా రాలేదు. విత్తనం పాతదా?

కదిరి_గట్టు
పాతది కాదు మామా, పైతొక్క గట్టిది. నీళ్లు మరగబెట్టి, పొయ్యి మీది నుంచి దించి, కాసేపు ఆగి, అందులో విత్తనం నాలుగైదు నిమిషాలు వేసి వంపేయ్. తర్వాత రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, పొద్దున నీడలో ఆరబెట్టి చల్లు. పైన మన్ను పలుచగా కప్పు, లోతుగా వేస్తే రాదు.

ఆదోని_నల్లరేగడి
స్టైలో అనే ఇంకో పప్పుజాతి మేత విత్తనానికి కూడా ఇలాగే వేడినీళ్లు పోయాలా? ఈ వానకి గట్ల మీద చల్లుదామనుకుంటున్నాను.

కదిరి_గట్టు
అవునన్నా, దానికీ పైతొక్క గట్టిదే. కానీ స్టైలో కాడ ముదిరితే తీగలా గట్టిపడుతుంది. పూత మీద కోయి, విడదీసిన పిల్లలకి ఆకు దులిపి వెయ్యి.

పులివెందుల_మామ
మిగిలిన విత్తనం ఈ రాత్రికే నానబెడుతున్నాను.